క్లోమంలో రాయి: షాక్‌వేవ్ చేయించాలా, నేరుగా ఆపరేషన్‌కే వెళ్ళాలా?

బ్రాడీపేట_రవి

మా తమ్ముడి వయసు 29. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో లెక్కలు రాస్తాడు. మూడేళ్ళుగా బొడ్డుకు పైన మొదలై వీపులోకి పాకే నొప్పితో బాధపడుతున్నాడు. మొదటి రెండేళ్ళూ గ్యాస్ అనుకుని మాత్రలు వేసుకుంటూ గడిపేశాం. నొప్పి వచ్చిన రాత్రి వాడు వెల్లకిలా పడుకోలేడు; మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, దిండును పొట్టకు అదుముకుని, ముందుకు వంగి తెల్లవారేదాకా కూర్చుంటాడు.

గత నెల తీయించిన సీటీ స్కాన్‌లో క్లోమం (పాంక్రియాస్) తలభాగంలో, ప్రధాన నాళంలో 9 మిల్లీమీటర్ల రాయి ఉందనీ, దాని వెనక నాళం 8 మిల్లీమీటర్ల వరకు ఉబ్బిందనీ, మిగతా క్లోమంలో అక్కడక్కడ సున్నపు చుక్కలు ఉన్నాయనీ రాశారు. విజయవాడ సూర్యారావుపేటలో చూపిస్తే, షాక్‌వేవ్‌తో రాయి పగలగొట్టించి, నాళం మూసుకుపోకుండా ఉంచే సన్నని గొట్టం, అంటే స్టెంటు, వేయించుకోమన్నారు. గుంటూరు కొత్తపేటలో ఒక సర్జన్ గారు, కుర్రవాడు కాబట్టి ఒకేసారి ఆపరేషన్ చేయించేస్తే మంచిదన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు కొండపిండాకు కషాయం నలభై రోజులు తాగించి చూద్దామంటున్నారు. వాడికి మద్యం అలవాటు లేదు, సిగరెట్లు మాత్రం రోజుకు ఎనిమిది, పది దాకా కాలుస్తాడు. అయినా ప్రతి ఆసుపత్రిలోనూ మొదటి ప్రశ్న "ఎన్నేళ్ళుగా తాగుతున్నావు" అనే. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా వాడి ముఖం చూడలేకపోతున్నాను. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే, ఏం చేశారో చెప్పండి.

పటమట_పద్మజ

నాకు 2019లో ఇదే జరిగింది, రాయి 11 మిల్లీమీటర్లు. హైదరాబాదులో షాక్‌వేవ్ చేయించుకున్నాను. అది ఎలా ఉంటుందో అప్పట్లో నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

వెన్నులో మత్తు సూది ఇచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. నీళ్ళు నింపిన మెత్తని రబ్బరు దిండులాంటి దానికి జెల్లీ రాసి ఒంటికి ఆనించారు. రాయి ఎక్కడుందో ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ దాని మీదికే తరంగాలు పంపుతారు. పక్కింట్లో ఎవరో గోడకు మేకు కొడుతున్నట్టు టక్కు టక్కుమని గంటకు పైగా వినిపించింది. ఒక్కో విడతకు అయిదు వేల దెబ్బలని చెప్పారు, నాకు వరసగా మూడు రోజులు మూడు విడతలు పట్టాయి. ఒంటి మీద గోరింటాకు చుక్కల్లాంటి ఎర్రని మచ్చలు పడి, వారంలో పోయాయి. రాయి పొడి అయ్యాక ఈఆర్‌సీపీ చేశారు: నోట్లోంచి గొట్టం పంపి, నాళం పేగులోకి తెరుచుకునే మూతిని కొద్దిగా కోసి, ఆ పొడిని బయటికి లాగి, స్టెంటు పెట్టారు.

ఆ తరువాత నాలుగేళ్ళలో ఒక్కసారి మాత్రమే ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. రవి గారూ, మీ తమ్ముడి రాయి తలభాగంలోనే ఉంది, ఒక్కటే ఉంది. నేనైతే ముందు షాక్‌వేవ్ వైపే మొగ్గుతాను.

తెనాలి_వెంకట్

పద్మజ గారికి మేలు జరిగినందుకు సంతోషం. కానీ అందరికీ అలా జరగదు, నాకు జరగలేదు. రెండు విడతలు రాయి పగలగొట్టారు, ఏడాదిన్నరలో అయిదుసార్లు స్టెంటు మార్చారు. మార్చిన ప్రతిసారీ రెండు నెలలు బాగుండేది, మూడో నెలలో నొప్పి తిరిగి వచ్చేది. ఆ ఏడాదిన్నరలో ట్రమడాల్ అనే మత్తు కలిసిన నొప్పి మందు లేకుండా నిద్రపోలేని స్థితికి చేరాను. 2022లో ఆపరేషన్ చేయించుకున్నాను. క్లోమం తలభాగంలో గట్టిపడిన కండను తవ్వి తీసేసి, నాళాన్ని పొడవునా చీల్చి, చిన్నపేగును తెచ్చి దానికి కుట్టారు, దాన్ని ఫ్రే ఆపరేషన్ అంటారు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, కానీ ట్రమడాల్ మానేశాను, పొలానికి వెళుతున్నాను.

నెదర్లాండ్స్‌లో 88 మందితో చేసి 2020లో ప్రచురించిన ఎస్కేప్ అనే పరిశోధనలో, ముందుగానే ఆపరేషన్ చేయించుకున్నవారికి, ముందు మందులు, ఆ తరువాత ఎండోస్కోపీ, చివరికి ఆపరేషన్ అనే వరసలో వెళ్ళినవారికంటే ఏడాదిన్నర కాలంలో నొప్పి తక్కువగా ఉందని తేలింది. నాకు ఆ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే అన్నిసార్లు స్టెంటు మార్పించుకునేవాడిని కాదు.

ఉండవల్లి_సుబ్బారావు

కొండపిండాకును అంత తేలికగా కొట్టిపారేయకండి. మా బావమరిదికి మూత్రపిండంలో రాయి కషాయంతోనే పడిపోయింది. అరటి దూట రసం కూడా పనిచేస్తుంది. ముందు అది వాడి, తగ్గకపోతే అప్పుడు ఆసుపత్రికి వెళ్ళవచ్చు కదా?

గ్యాస్ట్రో_పీజీ

సుబ్బారావు గారూ, మీ బావమరిదికి తగ్గినందుకు ఆనందమే. అయితే రాయి అనే మాట ఒక్కటే తప్ప ఆ రెండు రాళ్ళకూ పోలిక లేదు. మూత్రపిండంలో చిన్న రాయి ఉంటే, నీళ్ళు ఎక్కువ తాగినప్పుడు మూత్రం పెరిగి దాన్ని కిందికి తోసేస్తుంది. చాలా చిన్న రాళ్ళు ఏ కషాయమూ లేకుండానే అలా పడిపోతాయి. క్లోమంలో అలా కుదరదు. అక్కడ జీర్ణరసం చిక్కబడి, అందులోని ప్రోటీన్ ముద్దకట్టి, దాని మీద కాల్షియం కార్బొనేట్ పేరుకుని రాయి అవుతుంది. ఎన్ని నీళ్ళు తాగినా, ఏ రసం తాగినా ఆ నాళంలో ప్రవాహం పెరిగి రాయిని తోసేయదు. పైగా ఆ నాళం మూతి చాలా సన్నగా ఉంటుంది, 9 మిల్లీమీటర్ల రాయి దానంతట అది బయటికి రాలేదు. "బీరు తాగితే రాళ్ళు కరుగుతాయి" అని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం దయచేసి వినకండి. క్లోమం జబ్బున్న మనిషికి మద్యం పోయడమంటే మంటలో కిరసనాయిలు పోయడమే. ఆ సలహా పాటించి వార్డుకు వచ్చిన కుర్రాళ్ళను నేను చూశాను.

రవి గారి అసలు ప్రశ్నకు వస్తాను. ఇద్దరు డాక్టర్లూ తప్పు చెప్పలేదు. ఏ దారి అన్నది నాలుగు విషయాలను బట్టి ఉంటుంది: నొప్పి ఉందా, రాయి నాళాన్ని అడ్డుకుంటోందా, అది ఎక్కడ ఉంది, దాని ముందు నాళం బిగుసుకుపోయిందా. నొప్పి లేనివారికి స్కాన్‌లో రాయి కనబడినంత మాత్రాన దాన్ని పగలగొట్టరు. క్లోమం కండలో చెల్లాచెదురుగా ఉన్న సున్నపు చుక్కల జోలికీ వెళ్ళరు, వాటిని తీయడం సాధ్యమూ కాదు, తీసినా లాభమూ లేదు. తల, మధ్య భాగాల్లోని ప్రధాన నాళంలో 5 మిల్లీమీటర్లకు మించిన రాయి అడ్డుపడి, వెనక నాళం ఉబ్బి, నొప్పి ఉంటే, అక్కడే షాక్‌వేవ్‌కు ఎక్కువ అవకాశం. మీ తమ్ముడి స్కాన్ చదివితే ఆ వర్ణనకు దగ్గరగానే ఉంది. తోకవైపు దాకా రాళ్ళు నిండిపోయినా, తలభాగం గడ్డలా ఉబ్బినా, రాయికి ముందు నాళం గట్టిగా బిగుసుకున్నా తూకం సర్జన్ గారి వైపు మొగ్గుతుంది. క్లోమం నాళాన్ని చూపించే ఎంఆర్‌ఐ స్కాన్, అంటే ఎంఆర్‌సీపీ, చేయించి ఉండకపోతే చేయించండి. బిగుసుకున్న చోటు సీటీలో కంటే అందులో బాగా తెలుస్తుంది.

కృష్ణాతీరం

ఈ షాక్‌వేవ్ పద్ధతి ఎప్పటినుంచి ఉంది? ఇది మన దగ్గర కొత్తగా ప్రయోగాలు చేస్తున్న పద్ధతి అని మా బంధువులు భయపెడుతున్నారు.

గ్యాస్ట్రో_పీజీ

కొత్తది కాదు. క్లోమం రాళ్ళకు దీన్ని వాడినట్టు 1987లోనే జర్మనీ వైద్యులు ప్రచురించారు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వారు వెయ్యిమందికి పైగా రోగుల అనుభవాన్ని 2010లో ప్రచురించారు, దాదాపు నాలుగింట మూడు వంతుల మందిలో నాళం పూర్తిగా ఖాళీ అయింది. అందువల్ల ఈ చికిత్స విషయంలో మన తెలుగువాళ్ళు ఎక్కడికో దూరదేశం చూడవలసిన పని లేదు.

అయితే ఇందులో రెండో పార్శ్వం కూడా చెప్పకపోతే నేను న్యాయంగా మాట్లాడినట్టు కాదు. అదే సంస్థ వైద్యులు 106 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు నిజమైన షాక్‌వేవ్, ఎండోస్కోపీ చికిత్స, మరొక గుంపుకు చేసినట్టు చూపించి చేయని నకలు చికిత్స ఇచ్చి పోల్చారు. ఆ ఫలితం 2024లో వెలువడింది. 12 వారాల దగ్గర నిజమైన చికిత్స పొందినవారికి నొప్పి కొంచెం ఎక్కువ తగ్గింది. 24 వారాలకు ఆ తేడా నిలవలేదు. రాయి పోవడమూ నొప్పి పోవడమూ ఒకటి కాదని దీన్ని బట్టి అర్థం చేసుకోవాలి. ఏళ్ళ తరబడి నొప్పి పడినవారిలో నరాలే నొప్పిని అలవాటు చేసుకుంటాయి, అప్పుడు నాళం శుభ్రమైనా నొప్పి సంకేతం ఆగదు. అందుకే కొందరికి నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్ వంటి మందులు జతచేస్తారు.

తెనాలి_వెంకట్

నేను చెబుతున్నదీ సరిగ్గా అదే. నరాలు అలవాటు పడకముందే ఆపరేషన్ చేయించాలి.

పటమట_పద్మజ

వెంకట్ గారూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ 29 ఏళ్ళ కుర్రవాడికి పొట్ట కోసి పేగు కలిపే ముందు, కోత లేని మార్గం ఒక్కసారైనా ప్రయత్నించడం తప్పెలా అవుతుంది? నాకు ఆపరేషన్ అవసరం రాలేదు. నాలాంటివాళ్ళు కూడా ఉన్నారు కదా.

గ్యాస్ట్రో_పీజీ

మీరిద్దరూ చెప్పినది కలిపి చూస్తే నాకు తోచేది ఇది. షాక్‌వేవ్ మొదలుపెట్టే రోజే డాక్టరు గారితో ఒక హద్దు మాట్లాడుకోవాలి: ఎన్ని విడతలు చూస్తాం, స్టెంటు ఎన్నాళ్ళు ఉంచుతాం, ఎప్పటికి ఫలితం లేకపోతే సర్జన్ గారి దగ్గరికి పంపుతారు. వెంకట్ గారికి జరిగిన నష్టం షాక్‌వేవ్ వల్ల కాదు, హద్దు లేకుండా సాగదీయడం వల్ల. ఎస్కేప్ పరిశోధనలో చేరినవారు తీవ్రమైన నొప్పికి మత్తు కలిసిన నొప్పి మందులు అప్పుడప్పుడే మొదలుపెట్టిన దశలో ఉన్నారన్నదీ గుర్తుంచుకోవాలి. రవి గారూ, మీ తమ్ముడు ఇప్పుడు ఏ నొప్పి మందు వాడుతున్నాడు, ఎంత తరచుగా?

బ్రాడీపేట_రవి

పారాసెటమాల్ ఎక్కువగా. నెలకు రెండు మూడుసార్లు ట్రమడాల్. ఈఆర్‌సీపీలో ప్రమాదం ఏమైనా ఉందా?

గ్యాస్ట్రో_పీజీ

ఉంది, దాచకూడదు. ఈఆర్‌సీపీ తరువాత కొందరికి క్లోమం తీవ్రంగా వాస్తుంది. దాన్ని తగ్గించడానికి ముందే మలద్వారంలో డైక్లోఫెనాక్ లేదా ఇండోమెథాసిన్ బిళ్ళ పెడతారు, పెడుతున్నారా అని అడగండి. కోసిన చోట రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ కూడా రావచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భిణులు ముందుగానే చెప్పి తీరాలి.

మంగళగిరి_కవిత

స్టెంటు గురించి ఒక్క మాట. మా నాన్నగారికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టెంటు వేశారు. మూడు నెలలకు తీయాలనో మార్చాలనో డిశ్చార్జి కాగితంలో ఒక మూల చిన్న అక్షరాల్లో రాశారు, నోటితో ఎవరూ చెప్పలేదు. నొప్పి పోయింది కదా అని మేము పదకొండు నెలలు వెళ్ళలేదు. ఒకరోజు చలి, జ్వరంతో వణికిపోతూ పడిపోయారు. స్టెంటు పూర్తిగా మూసుకుపోయి చీము పట్టింది. ఆ బయటికి తీసిన గొట్టాన్ని మాకు చూపించారు, వేలెడంత పొడవు ప్లాస్టిక్ గొట్టం, లోపలంతా నల్లని మడ్డి గడ్డకట్టి ఉంది. రవి గారూ, స్టెంటు వేసిన రోజే తీసే తేదీని ఇంట్లో క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. ఫోన్‌లో మాత్రమే పెట్టకండి, గోడ మీద రాయండి.

సత్తెనపల్లి_అమ్మ

నా కొడుకుకు పద్నాలుగేళ్ళ వయసులో ఈ జబ్బు బయటపడింది, ఇప్పుడు ఇరవై ఆరు. రాయి గురించి అందరూ మాట్లాడుతున్నారు, తిండి గురించి ఎవరూ మాట్లాడటం లేదు నాయనా. క్లోమం పాడైతే నూనె, నెయ్యి అరగవు. మా వాడి విరేచనం జిడ్డుగా, నీళ్ళ మీద తేలుతూ, ఎన్ని నీళ్ళు పోసినా బేసినుకు అంటుకుని ఉండేది. మనిషి పుల్లలా అయిపోయాడు. మేము తెలియక నూనె మొత్తం ఆపేసి, పత్యం పేరుతో చారన్నమే పెట్టాం. దాంతో ఇంకా చిక్కిపోయాడు. క్లోమం చేయలేని అరుగుదల పనిని చేసే ఎంజైము గుళికలు మొదలుపెట్టాక ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగాడు.

గుళిక వేసుకోవడంలోనే ఉంది కిటుకు. పరగడుపున వేసినా, భోజనం అంతా అయ్యాక వేసినా కడుపులో అన్నంతో కలవదు. మా వాడు పప్పన్నం మొదటి ముద్దతో ఒకటి, కూరన్నం మధ్యలో ఒకటి వేసుకుంటాడు. 25,000 యూనిట్లవి భోజనానికి రెండు, సాయంత్రం టిఫిన్‌కు ఒకటి. నమలకూడదు. మీ తమ్ముడికి ఎంత కావాలో డాక్టరు గారే చెప్పాలి.

నజీర్_పొన్నూరు

ఆ గుళికలు దేనితో తయారవుతాయి అమ్మా? మా అక్కకు రాశారు. ఇంట్లో ఎవరో అనుమానం చెప్పడంతో ఆమె మానేసింది.

గ్యాస్ట్రో_పీజీ

నజీర్ గారూ, అవి పంది క్లోమం నుంచి తయారవుతాయి. అంత సమర్థంగా పనిచేసే వేరే రకం ఇంకా వాడుకలోకి రాలేదు. రాసేటప్పుడే ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత మాదే. శాకాహార కుటుంబాలకూ ఇది చెప్పాలి. మీ అక్కయ్య గారు మానేసిన సంగతి డాక్టరు గారికి తప్పకుండా తెలియజేయండి, మీ పెద్దలతో కూడా మాట్లాడండి. చెప్పకుండా మానేస్తే, కొవ్వుతో పాటు ఒంటికి పట్టవలసిన ఏ, డీ, ఈ, కే విటమిన్లు కూడా అందక, ఎముకలు బోలుగా అవుతాయి.

నజీర్_పొన్నూరు

ఇంత స్పష్టంగా చెప్పినందుకు చాలా కృతజ్ఞతలు. ఈ రోజే అక్కతో మాట్లాడతాను.

సత్తెనపల్లి_అమ్మ

షుగరు సంగతి కూడా చూసుకోండి రవీ. మా వాడికి ఇరవై రెండో ఏట వచ్చింది. ఒకరోజు ఇన్సులిన్ వేసుకుని తిండి ఆలస్యమైతే బస్సులోనే కళ్ళు తిరిగి పడిపోయాడు. ఈ జబ్బు వల్ల వచ్చే షుగరులో చక్కెర ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం ఎక్కువట. అప్పటినుంచి వాడి చొక్కా జేబులో రెండు బెల్లం ముక్కలు కాగితంలో చుట్టి పెడుతున్నాను.

గ్యాస్ట్రో_పీజీ

అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. చక్కెర పడిపోయినప్పుడు దాన్ని పైకి లేపే గ్లూకగాన్ కూడా క్లోమంలోనే తయారవుతుంది. క్లోమం పాడైనప్పుడు ఇన్సులిన్‌తో పాటు అదీ తగ్గిపోతుంది.

కృష్ణాతీరం

మద్యం ముట్టనివాడికి ఇంత చిన్న వయసులో ఎందుకు వస్తుంది? రవి గారి తమ్ముడిని అందరూ ఆ ప్రశ్నే అడగడం నాకు చాలా బాధ కలిగించింది.

గ్యాస్ట్రో_పీజీ

మద్యం తాగనివారిలో వచ్చే ఈ రకం జబ్బు మన దక్షిణాదిలో, ముఖ్యంగా కేరళలో, దశాబ్దాలుగా తెలిసినదే. ఒకప్పుడు కర్రపెండలం తినడం వల్ల అనుకున్నారు, ఆ వాదన నిలబడలేదు. మన రోగుల్లో చెప్పుకోదగినంత మందికి స్పింక్1 అనే జన్యువులో మార్పు కనిపిస్తుంది. క్లోమం తన జీర్ణరసం తననే తినేయకుండా వేసే తాళం లాంటిది ఆ జన్యువు తయారుచేసే ప్రోటీను, ఆ తాళం బలహీనమైతే క్లోమం లోలోపల కాలుతుంది. రవి గారూ, ఈ మాట మీ తమ్ముడికి చదివి వినిపించండి. ఇది అతడు చేసుకున్నది కాదు.

కానీ సిగరెట్టు మాత్రం అతడి చేతిలో ఉన్నది. పొగ విడిగానే క్లోమాన్ని పాడుచేస్తుంది, సున్నం పేరుకోవడాన్ని వేగవంతం చేస్తుంది, క్లోమం క్యాన్సరు ప్రమాదాన్నీ పెంచుతుంది. ఎంత ఖర్చుపెట్టి రాయి తీయించినా, పొగ ఆగకపోతే జబ్బు ముందుకే నడుస్తుంది.

తెనాలి_వెంకట్

నేను రోజుకు పెట్టె కాల్చేవాడిని. ఆపరేషన్ ముందు రోజు రాత్రి మానేశాను. ఎంత ముందు మానేస్తే అంత మేలు అని మీ తమ్ముడికి నా మాటగా చెప్పండి. కావాలంటే నాతో మాట్లాడించండి, ప్రైవేటు సందేశంలో నంబరు పంపుతాను.

ఉండవల్లి_సుబ్బారావు

ఇదంతా చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మూత్రపిండానికీ దీనికీ ఇంత తేడా ఉందని నాకు తెలియదు. ఖర్చు సంగతి ఏమిటి? తెల్లకార్డు ఉన్నవాళ్ళకు పథకంలో వస్తుందా?

మంగళగిరి_కవిత

ఏ చికిత్స ఏ ఆసుపత్రిలో పథకం కింద చేస్తారో అక్కడి ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరులో, పూర్వం ఆరోగ్యశ్రీ అనేవారు కదా, అక్కడే ముందుగా అడిగి కాగితం మీద రాయించుకోవాలి. చేరిన తరువాత అడిగితే చిక్కులే. స్కాన్లు పట్టుకుని ఒకసారి మంగళగిరి ఎయిమ్స్ గ్యాస్ట్రో ఓపీకి కూడా వెళ్ళి రండి రవి గారూ, మీకు గంట ప్రయాణం కూడా ఉండదు.

బ్రాడీపేట_రవి

పది రోజుల తరువాత రాస్తున్నాను. ఎంఆర్‌సీపీ చేయించాం. నాళం ఎక్కడా బిగుసుకోలేదు, రాయి ఒక్కటే అడ్డు. గ్యాస్ట్రో డాక్టరు గారినీ సర్జన్ గారినీ విడివిడిగా కలిసి, మీరు చెప్పిన ప్రశ్నలే అడిగాం. ముందు షాక్‌వేవ్ ప్రయత్నించవచ్చనీ, ఆరు నెలల్లో నొప్పి అదుపులోకి రాకపోతే తన దగ్గరికి రమ్మనీ సర్జన్ గారే చెప్పడం నాకు ఆశ్చర్యం కలిగించింది. షుగరు ప్రస్తుతానికి హద్దులోనే ఉంది. ఎంజైము గుళికలు మొదలుపెట్టాం. పీజీ గారు జన్యువు గురించి రాసింది తమ్ముడికి చదివి వినిపించాను. వాడు ఏమీ మాట్లాడలేదు, ఫోను తీసుకుని తనే ఇంకోసారి చదువుకున్నాడు. వెంకట్ గారితో గంటసేపు మాట్లాడిన తరువాత, ఈ వారమంతా సిగరెట్టు ముట్టలేదు.

వచ్చే సోమవారం గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌కు హైదరాబాదు వెళుతున్నాం. ఏమేం తీసుకెళ్ళాలి?

పటమట_పద్మజ

రిపోర్టు కాగితాలు చాలవు, సీటీ, ఎంఆర్‌సీపీ రెండింటి సీడీలూ తీసుకెళ్ళండి, అక్కడివారు బొమ్మలే చూస్తారు. ఇప్పటిదాకా వాడిన మందుల జాబితా రాసి పెట్టుకోండి. తిరుగు టిక్కెట్టు ముందే తీయకండి. నాకు మూడు రోజులన్నది ఎనిమిది రోజులైంది. తమ్ముడితో పాటు మీరు కాకుండా ఇంకొకరు కూడా ఉంటే మంచిది, రాత్రిపూట ఒకరు కునుకు తీయవచ్చు.

సత్తెనపల్లి_అమ్మ

గుళికల డబ్బా మరచిపోకండి నాయనా. ఆసుపత్రి క్యాంటీన్‌లో తిన్నా గుళిక వేసుకునే తినాలి.

బ్రాడీపేట_రవి

డబ్బా ఇప్పుడే సంచిలో పెట్టించాను అమ్మా. స్టెంటు వేస్తే తేదీ రాయడానికి గోడ క్యాలెండరు కూడా కొత్తది తగిలించాను.